చిత్రకళలో ప్రతీక

ఒక చిత్రమును చూచిన వెంటనే చదువుకొన్నవారి నోట తరచుగా వెలువడు ప్రశ్న ఒకటి కలదు: దీని అర్థమేమి? అడుగుట తప్పు కాదు. కాని ఆ ప్రశ్నకు ఒక్క వాక్యములో సమాధానము దొరకగానే చిత్రముతో పని తీరినదనుకొనుట తప్పు. తరగతిలో పద్యమునకు తాత్పర్యము వ్రాయించి పద్యమును మరచుట యెట్లో, చిత్రమునకు భావము చెప్పించి చిత్రమును మరచుట అట్లే. పందొమ్మిదవ శతాబ్ది చివరి యిరువది సంవత్సరములలో ఐరోపాలో తలయెత్తిన ప్రతీకవాద చిత్రకళ ఈ అలవాటునకు ఎదురు నిలిచిన ఉద్యమము. అందుచేత దాని చరిత్ర చిత్రకారులకు మాత్రమే కాక, సాహిత్యమును బోధించువారికిని నేర్చుకొనువారికిని తెలియదగినది. దాని గెలుపులోను పాఠమున్నది; దాని ఓటమిలో అంతకంటె పెద్ద పాఠమున్నది.

ఆ ఉద్యమము పుట్టిన కాలమును ముందు గుర్తింపవలెను. 1839లో పారిసు నగరమున ఛాయాగ్రహణ విధానము లోకమునకు ప్రకటితమైనది. వస్తువు రూపును ఉన్నదున్నట్లు పట్టి యిచ్చు యంత్రము మనుష్యుని చేతికి వచ్చినది. రైలుదారులు, కర్మాగారములు, ప్రయోగశాలలు ఆ శతాబ్దికి గర్వకారణములైనవి. కంటికి కనిపించు వస్తువే చిత్రణకు తగినదని కూర్బే వాదించినాడు. సంఘమును శాస్త్రజ్ఞునివలె పరీక్షించుట నవలాకారుని ధర్మమని జోలా బోధించినాడు. 1874లో తొలి ప్రదర్శన జరిపిన ఇంప్రెషనిస్టులు పురాణ కథలను విడిచి, నీటిమీద తళుకుమను వెలుగును, క్షణక్షణమునకు మారు ఆకాశమును పట్టుకొనుటకు యత్నించినారు. ఇవి గొప్ప విజయములే. కాని కన్ను మూసికొన్నప్పుడు మనస్సునకు గోచరించు లోకము మాట యేమి? కలకు, భయమునకు, మృత్యుస్మరణకు, భక్తికి చిత్రఫలకముపై చోటెక్కడ? ఈ ప్రశ్న వేసినవారే ప్రతీకవాదులు.

పేరు మొదట కవిత్వమునకు వచ్చినది. పరిమళము, వర్ణము, నాదము ఒకదానికొకటి బదులు పలుకునను భావన 1857లో బోద్లేర్ ప్రకటించిన కావ్యసంపుటిలో బీజరూపమున నున్నది. ఏథెన్సులో జన్మించి పారిసులో స్థిరపడిన కవి జాన్ మొరేయాస్ 1886 సెప్టెంబరు 18వ తేదీన 'లె ఫిగారో' పత్రికలో ప్రకటించిన ప్రణాళికతో 'సింబలిజమ్' అను మాట నిలిచిపోయినది. ఆ కవులలో గురుస్థానము స్తెఫాన్ మలార్మేది. జీవనోపాధికి ఆతడు పాఠశాలలలో ఆంగ్లము బోధించిన ఉపాధ్యాయుడు. మంగళవారపు రాత్రులందు రోమ్ వీధిలోని ఆతని చిన్న యింట కవులును చిత్రకారులును గుమిగూడెడివారు. రెదోన్, గోగాన్, విస్లర్ ఆ గోష్ఠిలో కూర్చున్నవారే. వస్తువును పేరు పెట్టి చెప్పివేసినచో రసము చాలవరకు జారిపోవుననియు, మెల్లమెల్లగా స్ఫురింపజేయుటయే కళయనియు మలార్మే మతము.

ఈ మాట విన్న తెలుగు విద్యార్థికి ధ్వని సిద్ధాంతము జ్ఞప్తికి రాక మానదు. వాచ్యార్థముకంటె వ్యంగ్యార్థమే కావ్యమునకు ప్రాణమని తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీర దేశమున ఆనందవర్ధనుడు ప్రతిపాదించినాడు. పోలిక కలదు కదాయని ఫ్రెంచివారి వాదము అక్కడనుండి వచ్చినదనుట సరికాదు. దాని మూలములు బోద్లేరునందును, ఎడ్గార్ పో కథలయందును, వాగ్నర్ సంగీతమునందును ఉన్నవి. అయినను ధ్వనిని చదివినవారికి ఈ ఉద్యమములోని కీలకము సులభముగా పట్టుబడును. ఆ కీలకము సంకేతమునకును ప్రతీకకును గల భేదము. రైలు స్టేషనులో ఎర్రదీపము సంకేతము. ఆగుమని చెప్పుటతో దాని పని ముగిసినది. త్రాసు పట్టిన స్త్రీమూర్తి న్యాయమునకు గుర్తు; ఆ మాట తెలిసిన వెనుక ఆమె ముఖమును ఎవ్వరును చూడరు. ప్రతీక అట్టిది కాదు. అర్థము తెలిసినను అది తీరిపోదు. చూచినకొలది మరియొక భావము మేల్కొనును. అయినను ఆ భావము చిత్రమును విడిచి నిలువజాలదు.

ఈ మార్గమునకు పెద్దలుగా నిలిచినవారు ఇద్దరు. మొదటివాడు గుస్తావ్ మొరో (1826–1898). 1864 నాటి పారిసు వార్షిక ప్రదర్శనలో ఆతని 'ఈడిపస్, స్ఫింక్స్' చిత్రము అందరి దృష్టిని ఆకర్షించినది. 1876లో ఆతడు సలోమీ కథను చిత్రించి చూపినాడు. నాట్యమాడిన రాకుమారి యెదుట, ఆమె కోరిన యోహాను శిరస్సు రక్తమోడుచు, కాంతిమండలముతో గాలిలో వ్రేలాడుచుండును. రాజు, పరిచారికలు దానిని చూచుచున్నట్లు తోపదు; చూచునది ఆమె యొక్కతెయే. అది దృశ్యమో, ఆమె మనస్సు గాయమో చిత్రకారుడు తేల్చి చెప్పలేదు. తేల్చి చెప్పకుండుటలోనే చిత్రపు బలమున్నది. మొరో తన యింటిని చిత్రములతో సహా ప్రభుత్వమునకు వ్రాసి యిచ్చినాడు. 1903లో అది ప్రదర్శనశాలగా తెరువబడి నేటికిని పారిసులో నిలిచియున్నది.

రెండవవాడు పువీ ద షవాన్ (1824–1898). మొరో రత్నములు పొదిగినట్లు చిత్రించినచో, పువీ సున్నపుగోడవలె వెలిసిన రంగులతో చిత్రించినాడు. ఆతని 'పేద జాలరి' (1881)లో కథ లేదు. బూడిదరంగు నీటిమీద ఒక పడవ. అందులో చేతులు ముకుళించి తల వంచి నిలిచిన బక్కచిక్కిన జాలరి. ఒడ్డున పూలు కోయు యువతి, నేలపై పసికందు. వల నీటిలో నున్నది, చేప లేదు. దారిద్ర్యమును గూర్చి ఉపన్యాసము చేయు సంజ్ఞ ఒక్కటియు అందులో కానరాదు. ఐనను ఆ వంగిన మెడ, ఆ శూన్యమైన నీరు చూచినవాని మనస్సును వదలవు. కొందరు నాడు పరిహసించినారు. 1887లో ప్రభుత్వము ఆ చిత్రమును కొన్నది.

ఉద్యమము ఫ్రాన్సుకే పరిమితము కాలేదు. బాసెల్ నగరమున జన్మించిన ఆర్నోల్డ్ బోక్లిన్ (1827–1901) చిత్రించిన 'మృతుల దీవి' జర్మను దేశమున ఇంటింట గోడమీద వ్రేలాడిన చిత్రము. నిశ్చలమైన నల్లని నీటినుండి నిటారుగా లేచిన శిలలు. వాని నడుమ చీకటివలె ఒత్తుగా పెరిగిన సైప్రస్ వృక్షములు. దీవివైపు సాగు చిన్న పడవ. అందులో శవపేటిక, దాని ముందు తెల్లని వస్త్రము కప్పుకొని నిలిచిన ఆకృతి. 1880 మొదలు 1886 వరకు బోక్లిన్ దీనిని ఐదు పర్యాయములు చిత్రించినాడు. వానిలో ఒకటి రెండవ ప్రపంచయుద్ధములో నశించినది.

ఈ చిత్రపు పుట్టుక గమనింపదగినది. 1880లో ఫ్లోరెన్సులోని ఆతని చిత్రశాలకు వచ్చిన మేరీ బెర్నా అను వితంతువు అసంపూర్ణముగా నున్న చిత్రమును చూచి ముగ్ధురాలై, తనకును అట్టిది కావలెనని కోరినది. శవపేటికయు శ్వేతమూర్తియు ఆమె కోరికమీదనే చేరినవి. 'మృతుల దీవి' అను పేరు చిత్రకారుడు పెట్టినది కాదు. చిత్రములను విక్రయించు గుర్లిట్ అనువాడు పెట్టినది. బోక్లిన్ ఉద్దేశము చూచువారికి ఒక కలను కల్పించుట మాత్రమే. అనగా పేరు లేని నాడే ఆ చిత్రము పూర్ణము. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి దాని అర్థము ఎవ్వరును చెప్పలేదు, చెప్పనక్కరయు లేకపోయినది. సంగీతకారుడు రహ్మానినోవ్ దాని నలుపు తెలుపు ప్రతిని చూచి, 1909లో అదే పేరుతో వాద్యబృంద కృతి నొకటి రచించినాడు. రంగులు లేని ప్రతి సైతము అంత పని చేసినది.

ప్రతీకవాద చిత్రకళ హృదయమును తెలిసికొనగోరువారు ఓదిలోన్ రెదోన్ (1840–1916) వద్ద ఆగవలెను. బోర్డో నగరమున జన్మించి, సమీపమున పేర్లబాద్ అను ఎస్టేటులో ఏకాంతముగా బాల్యము గడపినవాడు. వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్మాన్ క్లావో ఆతనికి యౌవనమున గురువువంటి మిత్రుడు. జంతువునకును వృక్షమునకును నడుమ అంచున నిలిచిన సూక్ష్మజీవుల లోకమును ఆతడు రెదోన్ కు పరిచయము చేసినాడు. దాదాపు ఏబది యేండ్లు వచ్చువరకు రెదోన్ ప్రధానముగా బొగ్గుతోడను, శిలాముద్రణముతోడను నల్లని చిత్రములే కల్పించినాడు. 1879లో 'కలలో' అను తొలి సంపుటము వెలువడినది. 1882లో ఎడ్గార్ పోకు అంకితమిచ్చిన సంపుటములో ఒక పెద్ద కన్ను బెలూనువలె ఆకాశమునకు ఎగురుచుండును. 1884లో ఉయిస్‌మాన్స్ తన నవలలో మొరోను, రెదోనును కథానాయకుని ప్రియ చిత్రకారులుగా వర్ణించుటతో వీరి పేరు యువకులలో వ్యాపించినది.

ఎగురు కన్ను, చిరునవ్వు నవ్వు సాలీడు, మనుష్యముఖముగల పువ్వు — ఇవి తోచినట్లు గీసిన పిచ్చిగీతలని అనుకొనువారు రెదోన్ సాధనను ఎరుగరు. గడ్డిపోచ, రాయి, కొమ్మ, చేయి — వీనిని ఎదుట నుంచుకొని సూక్ష్మాతిసూక్ష్మముగా చిత్రించిన పిమ్మటనే తనలో కల్పన ఉప్పొంగునని ఆతడు చెప్పుకొన్నాడు. కనిపించు వస్తువుల నియమములను కనిపించని వానికి అన్వయించుటయే తన పనియని ఆతని నమ్మకము. ఆతని వింతజీవులకు వెన్నెముక కలదు, బరువు కలదు. నీడ పడవలసినచోటనే పడును. అందుచేతనే అవి ప్రాణముతో నున్నట్లు తోచును. ఊహకు రెక్కలు వచ్చుటకు ముందు చూపునకు క్రమశిక్షణ కావలెనను సత్యమునకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

1890లో ఆతడు 'మూసిన కనులు' చిత్రించినాడు. దిగంతమువరకు పరచుకొన్న నీటినుండి ఒక శిరస్సు, భుజములు పైకి లేచినవి. స్త్రీయో పురుషుడో చెప్పరాదు. తల ఒకవైపునకు వాలినది. కనులు మూసియున్నవి. నిద్రయా, ధ్యానమా, మరణమా? నీలి బూడిద కలిసిన పలుచని రంగు, దాదాపు లేనట్లున్న వెలుగు తప్ప సమాధానము లేదు. చూచుటకొరకే పుట్టిన కళలో కనులు మూసిన ముఖమును కేంద్రమున నిలుపుట ఆ ఉద్యమపు ఆశయమును ఒక్క చిత్రములో నిరూపించుట. 1904లో ఫ్రెంచి ప్రభుత్వము దీనిని కొన్నది. నేడు పారిసులోని ఓర్సే ప్రదర్శనశాలలో నున్నది. ఈ కాలమునుండి రెదోన్ నలుపును విడిచి పాస్టెలు వర్ణములకు మరలినాడు. పూలు, సీతాకోకచిలుకలు, బుద్ధుడు ఆతని కడపటి దశలో వర్ణోత్సవమువలె వెలసినవి.

సిద్ధాంతము చిత్రకారులకంటె విమర్శకుని చేతిలో స్పష్టరూపము దాల్చినది. పోల్ గోగాన్ (1848–1903) 1888లో బ్రిటనీ ప్రాంతమందలి పొంటావెన్ గ్రామమున ఒక చిత్రము వేసినాడు. దేవాలయమున ఉపన్యాసము విని వచ్చిన పల్లెస్త్రీలు తెల్లని తలగుడ్డలతో మోకరించియున్నారు. వారి యెదుట యాకోబు దేవదూతతో మల్లయుద్ధము చేయుచున్నాడు. నేల పచ్చగా లేదు, మట్టిరంగుగా లేదు, చిక్కని ఎరుపు. ఆ ఎరుపు పొలములోనిది కాదు, ఆ స్త్రీల మనస్సులోనిది. కంటి ముందరి లోకమునకును మనోలోకమునకును నడుమ ఒక చెట్టు ఏటవాలుగా నిలిచినది. గోగాన్ ఆ చిత్రమును సమీప గ్రామపు చర్చికి కానుకగా ఈయబోగా అక్కడి గురువు నిరాకరించినాడు. 1891 మార్చిలో యువ విమర్శకుడు అల్బేర్ ఒరియే ఈ చిత్రమును ఆధారము చేసికొని, కొత్త చిత్రము భావప్రధానము, ప్రతీకాత్మకము, సమాహారరూపము, ఆత్మీయము, అలంకారాత్మకము కావలెనని ఐదు లక్షణములు నిర్దేశించినాడు. మరుసటి సంవత్సరమే ఇరువది యేడేండ్ల వయస్సున ఆతడు మరణించినాడు.

ఉద్యమమునకు ప్రతిపక్షము లేకపోలేదు. ఆ ప్రతిపక్షపు మాటలో బలమును లేకపోలేదు. ఒరియే వ్యాసము వెలువడిన కొలది వారములకే వృద్ధ చిత్రకారుడు కామీ పిస్సారో తన కుమారునకు వ్రాసిన లేఖలో గోగానును తప్పుపట్టినాడు. జపాను, బైజాంటైన్ చిత్రకారులనుండి ఎరువు తెచ్చుకొన్నందుకు మాత్రమే కాదు. శ్రమించు జనుల పక్షమున నిలువవలసిన కాలమున మార్మికతవైపు వెనుకకు నడచినందుకు. ఈ అభియోగమును త్రోసిపుచ్చరాదు. కలలోనికి పోవుట కొందరికి లోకమునుండి పారిపోవుటయే అయినది. 1891లో గోగాన్ వెదకుచు పోయిన తాహితి స్వర్గము ఫ్రెంచి వలసరాజ్యము. బాల్యము వీడని అచ్చటి బాలికలతో ఆతడు నెరపిన సంబంధములు నేడు తీవ్ర విమర్శకు గురియగుచున్నవి. ఆ విమర్శ న్యాయమైనది. చిత్రము గొప్పదైనంత మాత్రమున చిత్రకారుని నడత కడిగివేయబడదు.

అంతకంటె లోతైన దోషము కళలోనే పుట్టినది. జోసెఫాన్ పెలదాన్ అను రచయిత 1892 మొదలు 1897 వరకు పారిసులో 'రోజ్ క్రువా' పేరుతో ఆరు ప్రదర్శనలు నడపినాడు. చరిత్ర చిత్రములు, సైనిక చిత్రములు, గ్రామజీవితము, నిర్జీవ వస్తువులు — ఇవన్నియు ఆతని నియమావళిలో నిషిద్ధములు. ఆదర్శము, పురాణము, మార్మికత మాత్రమే గ్రాహ్యములు. మొరో, పువీ, రెదోన్ దూరముగనే ఉండిపోయినారు. బెల్జియమునకు చెందిన క్నోఫ్, స్విట్జర్లాండునకు చెందిన హోడ్లర్ వంటి సమర్థులు కొందరు పాల్గొన్నారు. తక్కిన గోడలు మాత్రము కలువపూలతోను, వీణలతోను, కాంతిమండలములతోను నిండినవి. కలువ యనగా పవిత్రత, వీణ యనగా కవిత్వము. సంకేతమును త్రోసిరాజని బయలుదేరిన ఉద్యమము మరల సంకేతముల నిఘంటువునకే చేరినది. వస్తువును శ్రద్ధగా చూచుట మానినవారి ప్రతీకలు అట్లే యెండిపోవును. ఆ చిత్రకారులలో అధికుల పేర్లు నేడు పరిశోధకులకు మాత్రమే తెలియును.

స్త్రీల విషయమునను ఆ ఉద్యమము సంకుచితమైనది. సలోమీ, స్ఫింక్స్, మెడూసా — పురుషుని నాశనము చేయు మోహినిగనో, లేక తెల్లని వస్త్రములు ధరించిన స్వప్నకన్యగనో తప్ప స్త్రీ ఆ చిత్రములలో అరుదుగా కనిపించును. పెలదాన్ నియమావళి స్త్రీల చిత్రములకు ప్రవేశమును నిషేధించినది. కాని అదృశ్యమును చిత్రించు పనిని అందరికంటె ముందునకు తీసికొనిపోయినవారిలో ఒకతె స్త్రీయే. స్వీడను దేశపు హిల్మా ఆఫ్ క్లింట్ (1862–1944) 1906 మొదలుకొని వస్తురూపమును విడిచి, వలయములతోను, సర్పిలములతోను పెద్ద చిత్రములు రచించినది. తన మరణానంతరము ఇరువది సంవత్సరములవరకు వానిని చూపరాదని కోరినది. 1986లో లాస్ ఏంజిలస్‌లో కొన్ని వెలుగు చూచినవి. 2018లో న్యూయార్కు గుగెన్‌హైమ్ ప్రదర్శనశాలలో వేలకొలది జనులు వానిని చూచినారు. తలుపు మూసినవారిని లోకము మరచినది. తలుపు వెలుపల నున్న ఆమెను గుర్తించినది.

విద్యావంతులు ప్రతీకను ఎట్లు ఎదుర్కొందురో తెలుపు ఉదంతము వియన్నాలో జరిగినది. విశ్వవిద్యాలయపు మహామందిరమున పైకప్పుకు చిత్రములు రచించు పనిని 1894లో ప్రభుత్వము గుస్తావ్ క్లిమ్టునకును, ఆతని సహచరునకును ఒప్పగించినది. చీకటిపై వెలుగు విజయము కోరిన విషయము. తత్త్వము, వైద్యము, న్యాయము క్లిమ్ట్ పాలికి వచ్చినవి. 1900లో 'తత్త్వము' ప్రదర్శింపబడినది. గ్రంథము పట్టిన జ్ఞానులు అందులో లేరు. నగ్నమైన మానవదేహములు పుట్టి, ప్రేమించి, ముసలివై, కలలోవలె శూన్యమున తేలిపోవుచుండును. వాని చెంత నక్షత్రముల ధూళిలో అర్ధనిమీలితమైన ఒక ముఖము. ఎనుబది యేడుగురు ఆచార్యులు సంతకములు చేసి నిరసన తెలిపినారు. వారు కోరినది సంకేతము. వారికి లభించినది ప్రతీక. కళాచరిత్రాచార్యుడు ఫ్రాన్స్ విక్‌హాఫ్ మాత్రము వికృతి యనగా నేమియని ప్రశ్నించుచు క్లిమ్ట్ పక్షమున ఉపన్యసించినాడు. అదే సంవత్సరము పారిసు అంతర్జాతీయ ప్రదర్శనలో ఆ చిత్రమునకు స్వర్ణపతకము లభించినది. వివాదము చల్లారక క్లిమ్ట్ 1905లో తీసికొన్న సొమ్ము తిరిగి యిచ్చి చిత్రములను వెనుకకు పుచ్చుకొన్నాడు. 1945 మే నెలలో, యుద్ధపు చివరి దినములలో, దాచిన కోట అగ్నికి ఆహుతి కాగా మూడును భస్మమైనవి. నలుపు తెలుపు ఛాయాచిత్రముల మూలముననే లోకము వానిని ఎరుగును.

ప్రతీక అనుభవమునుండి పుట్టినప్పుడు ఎంత సూటిగా హృదయమును తాకునో నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ (1863–1944) నిరూపించినాడు. ఐదేండ్ల ప్రాయమున తల్లిని, పదునాలుగవ యేట అక్కను క్షయవ్యాధి కబళించినది. ఆ యిల్లు, ఆ మంచము, ఆ భయము ఆతని చిత్రములను విడువలేదు. 1892లో బెర్లినులో ఆతని ప్రదర్శనను చిత్రకారుల సంఘమే ఒక వారములో మూసివేయించినది. మరుసటి సంవత్సరము 'ఆర్తనాదము' వెలువడినది. రక్తవర్ణపు ఆకాశము, వంతెనపై చెవులు మూసికొన్న ఆకృతి, వెనుక ఏమియు ఎరుగనట్లు నడచిపోవు ఇద్దరు. ఆకాశపు అలలును ఆ ముఖపు వంపులును ఒకే రేఖలో కదలును. అరచుచున్నది మనుష్యుడా, ప్రకృతియా? ఆ చిత్రముపై పెన్సిలుతో, ఇది పిచ్చివాని చేతి పనియే యను అర్థము వచ్చునట్లు సన్నగా వ్రాసిన వ్రాత యొకటి కలదు. ఎవరో ఆకతాయి వ్రాసినదని చిరకాలము తలచినారు. అది ముంక్ స్వహస్తమేయని 2021లో నార్వే జాతీయ ప్రదర్శనశాల నిర్ధారించినది. లోకము వేసిన నిందను చిత్రకారుడే తన చిత్రముపై వ్రాసికొన్నాడు. ఇందులో కలువలు లేవు, వీణలు లేవు. ఒక వంతెన, ఒక సంధ్య, ఒక మనుష్యుడు. అయినను ఆధునిక మానవుని భయమునకు ఇంతటి రూపము మరియొకటి లేదు.

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఉద్యమము పలుచబడినది. క్యూబిజము మొదలగు కొత్త మార్గములు యువకులను లాగికొన్నవి. అయినను దాని నీరు భూమిలోనికి ఇంకి ఇతర బావులలో పైకి వచ్చినది. 1892నుండి మొరో పారిసు చిత్రకళాశాలలో బోధించినాడు. మాతీస్, రువో ఆతని శిష్యులు. గురువు రత్నఖచితమైన శైలిని వారిలో నొకరును అనుకరింపలేదు. అనుకరింపుమని ఆతడు నిర్బంధింపలేదు. వర్ణమును ముందు మనస్సులో చూడుమని మాత్రమే ఆతడు నేర్పినాడు. ఆ గురువు యింటి ప్రదర్శనశాలకు రువో తొలి అధ్యక్షుడైనాడు. కళలో ఆధ్యాత్మికతను గూర్చి గ్రంథము వ్రాసిన కాండిన్‌స్కీకి బోక్లిన్ పూజ్యుడు. 1924లో అధివాస్తవికతా ప్రకటన వెలువరించిన ఆంద్రే బ్రెతోన్ చిన్ననాడే మొరో ప్రదర్శనశాలలో మైమరచినవాడు.

ఈ చరిత్రలో భారతదేశపు ఛాయయు కొంత కలదు. మొరో 'అలెగ్జాండరు విజయము' అను చిత్రమునకు భారతీయ శిల్పముల, సూక్ష్మచిత్రముల రూపములను సేకరించి వాడుకొన్నాడు. 1882లో మద్రాసు చెంత అడయారునకు తన కేంద్రమును మార్చుకొన్న దివ్యజ్ఞాన సమాజపు భావములు బెల్జియము చిత్రకారుడు దెల్విల్ మొదలగువారిని ఆకర్షించినవి. రెదోన్ బుద్ధుని చిత్రించినాడు. అయితే ఇందు గర్వించుటకంటె గమనింపదగినది వేరొకటి. వారిలో పెక్కురు ఎరిగిన భారతదేశము పుస్తకములలోనిది, స్వప్నములోనిది. రెదోన్ బుద్ధుడు మనస్సును తాకుట భారతీయుడగుటచేత కాదు. చెట్టు క్రింద నిలిచిన ఆ మూర్తి చుట్టును వర్ణములు మౌనము వహించుటచేత.

ఇక మొదటి ప్రశ్నకు మరలవలసియున్నది. దీని అర్థమేమి యను ప్రశ్నను తరగతినుండి బహిష్కరింపవలెనా? అక్కరలేదు, దానిని చివరకు జరిపినచో చాలును. 'మృతుల దీవి' ముద్రిత ప్రతిని విద్యార్థుల ముందుంచిన ఉపాధ్యాయుడు ముందుగా ఏమి కనిపించుచున్నదని అడుగవలెను. పడవ వచ్చుచున్నదా, పోవుచున్నదా? నీటిలో అల కలదా? చెట్లు ఎంత ఎత్తున్నవి? వెలుగు ఎక్కడినుండి పడుచున్నది? ఈ ప్రశ్నలకు చిత్రములోనే సమాధానములు కలవు, చూడనివానికి దొరకవు. పిమ్మట, చూచినప్పుడు మనస్సున ఏమి కదలినదని అడుగవలెను. ఒకడు తన తాతను తలచికొనును. మరియొకడు తాను చూచిన గోదావరి రేవును తలచికొనును. ఎవని మాటయు తప్పు కాదు. కాని చిత్రములో ఆధారము చూపలేనివాని మాట బలహీనము. ఏదైన అనవచ్చుననుట ప్రతీకవాదము కాదు; అది సోమరితనము. ఒక్కటే అనవలెననుట విద్య కాదు, అది వల్లెవేయుట.

పద్యమును బోధించు పద్ధతియు ఇదియే. శబ్దమును చక్కగా విని, పదమును చక్కగా తెలిసికొని, అటుపిమ్మట ధ్వనికొరకు వేచియుండవలెను. రెదోన్ ముందు గడ్డిపోచను చూచినాడు. తరువాత కనులు మూసికొన్నాడు. ఆ క్రమమును తలక్రిందు చేసినవారు రోజ్ క్రువా గోడలమీద నిలిచి మరుగైనారు. పరీక్షపత్రమున తాత్పర్యమునకు మార్కులుండుట సహజము. అయినను సంవత్సరమునకు ఒక్క గంటయైనను, మార్కులు లేని ఒక చిత్రము ముందు విద్యార్థులను మౌనముగా కూర్చుండబెట్టగల ఉపాధ్యాయుడు వారికి చూచుట నేర్పినవాడగును.